సీలు తీయని డబ్బా

ఆదెయ్య కోడలు ఇంక నిమ్మతోటకు రాదంట, ఉదయగిరి రిజిస్ట్రారాఫీసు కాడ దొరసాని మాదిరి ఫ్యాను కింద కూర్చుంటాదంట, దానికోసరం గుండ్రంగా తిరిగే కుర్చీ కూడా బేరం చేసొచ్చినారంట అని ఎదురింటి కామమ్మ కుళాయి దగ్గర పదిమంది ముందర అనిందట. ఆ మాటను రజిత చుక్క ఒలక్కుండా మోసుకొచ్చి, తెల్లవారుజామున నాలుగ్గంటలకు కాయకోతకు పోయే ఆటోలో, తనకేమీ సంబంధం లేనట్టు కొంగు సర్దుకుంటూ, ఆ కోడలు ఏంజెలిన్‌కే అప్పజెప్పింది.

ఏంజెలిన్ కోపగించుకోలేదు. నవ్వనూ లేదు. కోపానికైనా నవ్వుకైనా ముందు కాస్త నిద్ర తీరి ఉండాలి.

"కుర్చీకి డబ్బులెవురిచ్చినారంట?" అని మాత్రం అడిగింది.

"దొరలు పంపినారంట, మీ చర్చీకి."

మిషను నడిపిన తెల్లదొరలు ఈ ప్రాంతం వదిలి ఎన్నేళ్ళయిందో చర్చి పెద్ద అయిన ఆదెయ్యకే సరిగ్గా తెలియదు. కామమ్మ లెక్కలో మాత్రం వాళ్ళింకా నెలనెలా మనియార్డరు కడుతూనే ఉన్నారు. ఏంజెలిన్ తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది. సీతారామపురం రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆటో ఆమె తలను కమ్మీకేసి కొడుతూ పోయింది.

కామమ్మ చెప్పినదాంట్లో కుర్చీ అబద్ధం, దొరలు అబద్ధం. ఫ్యాను నిజం.

ఆ ఫ్యాను జనార్దనయ్యది. రిజిస్ట్రారాఫీసుకు ఎదురుగా రేకుల గదిలో ముప్పయ్యేళ్ళుగా దస్తావేజులు రాస్తున్న మనిషి. ఏంజెలిన్ పెళ్ళికి ముందు ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఒక డీటీపీ సెంటర్లో ఐదేళ్ళు టైపు కొట్టింది. శుభలేఖలు, సంతాప కార్డులు, సర్పంచి ఎలక్షను కరపత్రాలు, ప్రార్థన కూటాల పాంప్లెట్లు, ఏది తెస్తే అది. అప్పట్లో ఉదయగిరిలో నమ్మకమైన చెయ్యి దొరక్క జనార్దనయ్య వారానికి రెండుసార్లు చిత్తు కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆమె దగ్గరికే వచ్చేవాడు. దస్తావేజుకు ప్రాణం చెక్కుబందీలో ఉంటుంది. భూమికి తూర్పున ఎవరు, దక్షిణాన ఏది, పడమర ఏ వాగు, ఉత్తరాన ఎవరి కయ్య అని నాలుగు హద్దులూ చెప్పే చోటు అది. అక్కడ ఒక్క దిక్కు తారుమారైతే రెండు కుటుంబాలు మూడు తరాల పాటు కోర్టు అరుగు మీద అన్నం మూటలు విప్పుకోవాలి. ఆ ఐదేళ్ళలో ఏంజెలిన్ చేతి కింద ఒక్క దిక్కూ తప్పలేదు.

తర్వాత పెళ్ళయింది. పద్నాలుగేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళలో చేతికి ఫోనైతే వచ్చింది గానీ కంప్యూటరు ముట్టిన పాపాన పోలేదు. చేతులు నిమ్మతోటకు అలవాటుపడ్డాయి. నిమ్మచెట్టు కాయను ఊరికే ఇచ్చే రకం కాదు, గీరి ఇస్తుంది. గీరినచోట రసం పడుతుంది. సాయంత్రం సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటే పది వేళ్ళూ పది రకాలుగా చురుక్కుమంటాయి.

పోయిన నెల జనార్దనయ్య టైపిస్టు నెల్లూరుకు వెళ్ళిపోయాడు, తన లాప్‌టాప్ చంకన పెట్టుకుని. జనార్దనయ్య కబురు పెట్టి ఏంజెలిన్‌ను పిలిపించాడు.

"డిసెంబరు ఒకటో తేదీ నుంచి వచ్చి కూర్చో పాపా. సిస్టం మాత్రం నువ్వే తెచ్చుకోవాల. విండోస్‌దే తే. నా కాడుండే నమూనాలన్నీ పాతకాలం తెలుగు సాఫ్ట్‌వేరులో ఉండాయి, అవి ఫోన్లో తెరుచుకోవు, ట్యాబులో తెరుచుకోవు. ఒకటో తేదీ దాటితే నేనాగలేను. కొండాపురం నుంచి అశ్విత అని ఒకమ్మి సొంత సిస్టంతో రడీగా ఉండాది. నీ చెయ్యి ఎరిగినోణ్ణి గాబట్టి ముందు నిన్నడుగుతుండా."

ఆ మాట విన్నప్పటి నుంచి ఏంజెలిన్‌కు ఒకే ఆశ. ఫ్యానూ కాదు, కుర్చీ కాదు. పొద్దున ఆరు దాకా పడుకోవడం.

లారీ మీద ఎక్కడో ఉన్న భర్త ప్రశాంత్ ఫోన్లోనే సరేనన్నాడు. నలభై వేల లోపల చూసుకోమన్నాడు. ఆడమనిషి ఒక్కతే పోతే అంగడోళ్ళు ఏదో ఒకటి అంటగడతారు, నాయన్ని తోడు తీసుకుని పొమ్మన్నాడు.

ఆదెయ్య చెడ్డ మామ కాదు. కోడలిని పేరు పెట్టి పిలవడు, "అమ్మా" అంటాడు. తాగడు, అరవడు, తిన్న కంచం తనే కడుక్కుంటాడు. ఆయనకున్నదల్లా ఒక నియమం. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు చర్చికి పోవాలి, పాస్టరయ్య చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి, ఆ తర్వాతే వాడకం. ఇది ఆయనొక్కడిదే కాదు, ఆ సంఘంలో చాలామంది చేసేదే. కాకపోతే మిగతావాళ్ళు బండిని తోలుకుంటూ పోయి, ప్రార్థన చేయించుకుని, తోలుకుంటూ ఇంటికొస్తారు. ఆదెయ్య అట్లా కాదు. పందొమ్మిదేళ్ళ కిందట మోపెడ్ కొన్నప్పుడు ఉదయగిరి నుంచి ఊరి చర్చి దాకా ఆరు మైళ్ళు ఎండలో తోసుకుంటూ వచ్చాడు గానీ కిక్కు కొట్టలేదు. దారిలో ఎదురైన వాళ్ళంతా పెట్రోలు అయిపోయిందా మామా అని అడిగారు. ఆ మోపెడ్ ఈ రోజుకీ నడుస్తోంది. కుట్టుమిషనూ అంతే, మిక్సీ అంతే. ఆయన నియమానికి సాక్ష్యాలున్నాయి. ఎదురు చెప్పేవాళ్ళకే లేవు.

నవంబరు పద్దెనిమిది, మంగళవారం. ఏంజెలిన్ పదిగంటల దాకా కాయ కోసి, ఇంటికొచ్చి నాలుగు చెంబులు పోసుకుని, మామతో కలిసి ఆత్మకూరు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్న మరుక్షణం కన్నంటుకుంది. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరెక్కి ఎవరు దిగారో ఆమెకు తెలియదు. లేచేసరికి జల్లు పడుతోంది, ఆదెయ్య తన తువ్వాలు తీసి ఆమె భుజం మీద కప్పి ఉన్నాడు.

అంగడి సాయికిరణ్ అనే ముప్పయ్యేళ్ళ మనిషిది. మర్యాదస్తుడే గానీ నోరు తెరిస్తే ఆగడు. ఐ త్రీ అన్నాడు, ఐ ఫైవ్ అన్నాడు, పన్నెండో జనరేషన్, పదమూడో జనరేషన్ అన్నాడు, ర్యామ్ ఎనిమిది చాలు గానీ పదహారైతే మేలన్నాడు, ఎస్ఎస్‌డీ లేనిది తీసుకోవద్దన్నాడు. జనరేషన్ల లెక్క వింటుంటే ఆదెయ్యకు అబ్రాహాము మొదలుకొని వంశావళి చదువుతున్నట్టుంది. శ్రద్ధగా తల ఊపుతూ కూర్చున్నాడు. ఏంజెలిన్‌కు ఒక్కటీ ఎక్కలేదు. ఆమె వదిలివచ్చిన కంప్యూటరు అరకలో ఎద్దంత ఉండేది. మౌసు కింద గోలీ ఉండేది, అందులో మట్టి చేరితే గోటితో గీకేవాళ్ళు. కరెంటు పోతే యూపీఎస్సు కుయ్యి కుయ్యిమని ఏడ్చేది, ఆ ఏడుపు ఆగేలోగా పని దాచుకోవాలి. ఇవన్నీ ఇప్పుడెవరితో చెప్పుకోవాలి? చివరికి ధైర్యం చేసి ఒకటి అడిగింది.

"సీడీ యాడ పెట్టేది?"

"సీడీలు లేవక్కా. అవి పోయి చాన్నాళ్ళయింది."

"ఎక్స్‌పీ?"

"మొన్న టెన్‌కే కాలం చెల్లిందక్కా. ఇప్పుడంతా లెవెనే."

ఎవరో దూరపు బంధువుల చావుకబురు ఆలస్యంగా విన్నట్టు ఏంజెలిన్ "అట్నా" అని ఊరుకుంది.

చూపించడానికి పెట్టిన లాప్‌టాప్ ముందు ఆమెను కూర్చోబెట్టాడు. చెయ్యి అలవాటు కొద్దీ తెర మీద ఎడమ పక్క కింది మూలకు పోయింది, స్టార్టు బటను కోసం. అక్కడ స్టార్టు లేదు. వాన పడుతుందని వాతావరణం ఉంది. పడుతోంది గదా, దాన్ని ఇది చెప్పాలా అనుకుంది. స్టార్టు మధ్యలోకి వచ్చి కూర్చుంది. మై కంప్యూటర్‌కు పేరు మార్చారు. తను కాపురం చేసిన ఇంట్లోకే మళ్ళీ అడుగుపెట్టినట్టుంది గానీ, ఎవరో పొయ్యి ఒకచోటికీ నీళ్ళ కడవ ఇంకోచోటికీ ఉప్పు డబ్బా మరోచోటికీ మార్చేసిపోయారు.

"నోట్‌ప్యాడ్ ఉండాదా, అది కూడా తీసేసినారా?"

"ఉండాదక్కా," అని సాయికిరణ్ తెరిచి ఇచ్చాడు.

ఏంజెలిన్ కళ్ళు మూసుకుంది. పద్నాలుగేళ్ళ కిందటి వేళ్ళు ముందు రాలేదు. నిమ్మముల్లు గీరిన వేళ్ళే మీటల మీద మొద్దుమొద్దుగా కూర్చున్నాయి. తూర్పు, అని మొదలుపెట్టింది. తూర్పు ఫలానా వారి మెట్ట. దక్షిణం వంక. రెండో దిక్కు పూర్తయ్యేసరికి వేళ్ళు తమంతట తామే నడవసాగాయి, కట్టు విప్పిన ఎద్దు ఇంటిదారి పట్టినట్టు. అందులో తెలుగు సాఫ్ట్‌వేరు లేదు గనుక తెర మీద ఇంగ్లీషు అక్షరాలే తలాతోకా లేకుండా పడుతున్నాయి. ఏ మీట కింద ఏ తెలుగు అక్షరం ఉండేదో ఆమె వేళ్ళకు తెలుసు, అది చాలు.

సాయికిరణ్ వంగి చూశాడు. "ఏందక్కా ఇంత పొడుగు, పాస్‌వర్డా?"

"నాలుగెకరాల మెట్ట. ఉత్తరం పక్క ఇంకా రాలా, ఉండు."

అట్లా మూడింటి మీద కొట్టి చూసింది. మొదటిదాని మీటలు పలక మీద వేలు పెట్టినట్టున్నాయి, నొక్కామో లేదో తెలియదు. రెండోది ఇరుకు, పెద్దవేళ్ళకు చాలదు. మూడోదాని మీట నొక్కితే కొంచెం కిందికి దిగి, వేలిని మళ్ళీ పైకి తోసింది. ఏంజెలిన్ దాని మీద నాలుగు దిక్కులూ రెండుసార్లు కొట్టింది. ధర ముప్పయ్యెనిమిది వేలు.

"ఇదే మామా," అంది.

సాయికిరణ్ తల గోక్కున్నాడు. ఆ రకంలో అదొక్కటే మిగిలిందని, రెండు నెలలుగా అంగట్లో చూపించడానికి పెట్టిందని, కావాలంటే కొంత తగ్గించి ఇస్తానని, గ్యారంటీ ఈ రోజు నుంచే రాయిస్తానని చెప్పాడు. ఏంజెలిన్‌కు అందులో తప్పేమీ కనపడలేదు. కళ్ళ ముందర పనిచేస్తున్న వస్తువు. ఆదెయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"పదిమంది వేళ్ళు పెట్టింది, సీలు తీసింది. ఎంగిలి వస్తువును తీసకపోయి దేవుని సన్నిధిలో ఎట్టా పెట్టేది అబ్బయ్యా? డబ్బాలో ఉండేది, సీలుండేది ఇయ్యి."

అదే ధరలో ఇంకో రకం ఉంది. దానికన్నా స్పీడు ఎక్కువన్నాడు సాయికిరణ్. దాని మీటలు ఎట్లా ఉంటాయో చూద్దామంటే బయట పెట్టిన నమూనా లేదు. అంతా డబ్బాలోనే. అతను కత్తెర తీసుకున్నాడు, ఐదు నిమిషాల్లో తెరిచి, ఆన్ చేసి, అంతా చూపించి ఇస్తానని. ఆదెయ్య అరచెయ్యి వచ్చి డబ్బా మీద పడింది.

ప్రార్థన కాందే తెరిచేది లేదన్నాడు. గట్టిగా కూడా అనలేదు, ఎండిపోయిన బావిలో నీళ్ళు లేవన్నంత మామూలుగా అన్నాడు. సాయికిరణ్ ఆయన వైపు చూసి, ఏంజెలిన్ వైపు చూశాడు.

"మీ ఇష్టం పెద్దాయనా. ఏదన్నా తేడా వస్తే పదిరోజుల్లోపల తెండి, మార్చి వేరేదిస్తా. పదిరోజులు దాటితే నా చేతిలో ఉండదు, నెల్లూరు సర్వీసు సెంటరుకు పోవాల." ఆ మాటనే బిల్లు మీద రాసి, కింద ఎర్ర గీత గీశాడు.

తెరిచి చూసుకుందాం మామా అని ఏంజెలిన్ అప్పుడే అనవచ్చు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆదెయ్య అరవడు, ముఖం ముడుచుకుంటాడు. బస్సులో గంటన్నర పలకడు. ఇంటికి పోయి అన్నం వద్దంటాడు. ప్రశాంత్‌కు ఫోను పోతుంది. ప్రశాంత్ దగ్గర నుంచి ఆమెకు ఫోను వస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచిన ఒంటికి అదంతా ఉదయగిరి కొండెక్కి దిగినంత పని.

"సరే, ఇదే ఇవ్వన్నా," అంది.

తిరుగు బస్సులో డబ్బా ఆదెయ్య ఒళ్ళో ప్రయాణం చేసింది, తడవకుండా తువ్వాలు చుట్టుకుని.

ఇరవైమూడు, ఆదివారం. పాస్టరయ్య మహాసభలకని ఒంగోలు పోయాడు. సంఘంలో ఇంకో పెద్దాయన ఆరాధన జరిపాడు. ఆయన చేత ప్రార్థన చేయిద్దామా అని ఎవరో అంటే ఆదెయ్య ఒప్పుకోలేదు. మోపెడ్‌కు పాస్టరయ్యే చేసినాడు గదా అన్నాడు. అప్పటి పాస్టరయ్య వేరు, ఈయన వేరు, కాని నియమం నియమమే. డబ్బా మళ్ళీ ఇంటికొచ్చి బీరువాలో చేరింది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఏంజెలిన్ అడిగింది. కూర వడ్డిస్తూ, కంచం వైపే చూస్తూ అడిగింది.

"పదిరోజుల్లోపల చూసుకోమన్నాడు గదా మామా ఆ అంగడాయన. ఒకసారి తెరిచి చూసి, మళ్ళా అట్నే మూసి పెడతాను."

"కొత్తదానికి ఏమవతాదమ్మా. ఇంగొక్క ఆదివారం గదా," అని ఆదెయ్య మజ్జిగ అడిగాడు. మజ్జిగ పోసుకుంటూ మోపెడ్ తోసుకొచ్చిన రోజు ఎండ ఎట్లా కాసిందో చెప్పాడు. మాట అక్కడికి మళ్ళింది. ఏంజెలిన్ గరిటె గిన్నెలో పెట్టి వంటింట్లోకి పోయింది.

గురువారం సాయంత్రం జనార్దనయ్య ఫోను చేశాడు. పాత సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే సగం పూట పడుతుందని, శుక్రవారం సిస్టం తీసుకుని రాగలవా అని అడిగాడు. ఏంజెలిన్ సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు.

"మాకు మూఢాలు, మీకు ఇదా. ముప్పయ్యేళ్ళుగా మూఢంలో గిరాకీ లేక ఈగలు తోలుకునేవాణ్ణి, నాకు తెలవందా. సరే, ఒకటో తేదీ సోమవారం. పొద్దున్నే మూడు రిజిస్ట్రేషన్లు ఉండాయి. తొమ్మిదికల్లా సిస్టంతో నా గదిలో ఉండాల. అది మాత్రం మర్చిపోబాక."

ఫోను పెట్టేసి ఏంజెలిన్ బీరువా తీసింది. డబ్బాను మంచం మీద పెట్టుకుని టేపు కొస దగ్గర గోరు పెట్టింది. పదో రోజు రేపే. గోరు టేపు కిందికి సగం దూరింది. వసారాలో మామ దగ్గాడు. ఊరికే వచ్చిన దగ్గే. ఏంజెలిన్ గోరు వెనక్కి తీసుకుంది. భయమేమీ కాదు. తెరిచిన తర్వాత, ఎందుకు తెరిచావంటే చెప్పుకోవాల్సిన సంజాయిషీ పెద్దది. దానికి బదులు ఒక పది నిమిషాలు మంచం మీద నడుం వాల్చింది. డబ్బా పక్కనే, పసిబిడ్డను పడుకోబెట్టుకున్నట్టు.

ముప్పయ్యో తేదీ ఆదివారం ఆరాధన ముగిసినా ఎవరూ లేవలేదు. ఆదెయ్య ముందు బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి డబ్బా పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాస్టరయ్య డబ్బా మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ప్రార్థన ఎక్కువగా డబ్బా గురించి కాదు. ముళ్ళు గీరిన ఈ బిడ్డ వేళ్ళను దీవించమన్నాడు. ఈ వేళ్ళు కొట్టే కాగితాల్లో ఏ పేదవాడి హద్దూ చెరిగిపోకూడదన్నాడు. ఏంజెలిన్ తల మీది ముసుగు ముఖం మీదికి లాక్కుంది. పెళ్ళయినాక ఆమె వేళ్ళ సంగతి ఎత్తింది జనార్దనయ్య తర్వాత ఈయనే.

ఆమెన్ అన్నారు అందరూ. ఆదెయ్య జేబులోంచి కొత్త బ్లేడు తీసి సీలు కోశాడు. లాప్‌టాప్ తళతళలాడుతూ బయటికొచ్చింది. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. పెంచలప్రసాద్ చార్జరు తెచ్చి గోడకు తగిలించాడు. అతను సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, ఆ చర్చిలో కంప్యూటరు తెలిసింది అతనొక్కడికే. "నొక్కక్కా, నువ్వే నొక్కు," అన్నాడు.

ఏంజెలిన్ నొక్కింది. తెర వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుర్తు పోయింది, తెర నల్లబడింది. మళ్ళీ గుర్తు వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారి చప్పట్లు కొట్టబోయిన పిల్లల్ని వాళ్ళ తల్లి ఆపింది.

పెంచలప్రసాద్ బటను నొక్కిపెట్టి ముప్పై దాకా లెక్కపెట్టాడు. చార్జరు తీసి చూశాడు, పెట్టి చూశాడు. ఫోన్లో వెతికి ఏవేవో మీటలు కలిపి నొక్కాడు. గుర్తు వస్తుంది, పోతుంది. అరగంట గడిచింది. ఇళ్ళలో అన్నాలు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు. చివరికి అతను అంగడికి ఫోను చేసి, బయటికి పోయి మాట్లాడి, లోపలికి వచ్చాడు.

"లోపల ఏదో పార్టు రావడమే చెడిపోయి వచ్చిందంటున్నాడు. పన్నెండు రోజులయిందంట గదా. పదిలోపలయితే ఈరోజే మార్చిచ్చుండేవాణ్ణి అంటున్నాడు. ఇప్పుడు నెల్లూరు పంపీయాల, రెండు మూడు వారాలు పడతాదంట."

సచివాలయం లాప్‌టాప్ ఏమన్నా ఇప్పించగలవా అని ఒకామె అడిగింది. అది గవర్నమెంటుది, గడప దాటించకూడదన్నాడు. అడిగినామె కూడా ఆశతో అడగలేదు.

ఏంజెలిన్ తన ఫోను తీసి జనార్దనయ్యకు తనే చేసింది. ఎవరి చేతా చెప్పించలేదు. చర్చి మెట్ల మీద నిలబడి, ఉన్నది ఉన్నట్టు నాలుగు మాటల్లో చెప్పింది. ఆయన విన్నాడు. అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. రేపు తొమ్మిదింటికి పార్టీలు వస్తారమ్మా, సిస్టం లేకుండా నిన్ను కూర్చోబెట్టుకుని నేనేం చేసేది అన్నాడు. కొండాపురం అమ్మాయికి ఇప్పుడే చెప్పాలి, ఒకసారి ఆ పిల్ల వచ్చి కూర్చుంటే మళ్ళా లేపడం మర్యాద కాదన్నాడు. ఏంజెలిన్ సరేనండి అని పెట్టేసింది. తర్వాత రజితకు ఫోను చేసి, రేపు ఆటోలో తనకు చోటుంచమని చెప్పింది. రజిత ఏదో అడగబోతే రేపు చెప్తానంది.

లోపలికి వచ్చేసరికి ఏడెనిమిది మంది మిగిలారు. ఆదెయ్య బల్ల దగ్గరే నిలబడి, తెరిచిన లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుతూ తీస్తూ ఉన్నాడు. ఇంకోసారి ప్రార్థన చేస్తారా అయ్యగారూ అని అడిగాడు. పాస్టరయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చేస్తాను ఆదెయ్యా, ఎన్నిసార్లయినా చేస్తాను. కానీ తెరవొద్దని నేనెప్పుడన్నా చెప్పినానా? కొన్న చోటనే చూసుకోని, బాగుండేదాన్ని తెచ్చుండొచ్చు గదా."

ఇన్నేళ్ళ మోపెడ్ సాక్ష్యం ఆదెయ్య నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఉన్న ఏడెనిమిది మందినీ ఒకసారి చూశాడు. ఆ చూపు తిరిగి తిరిగి కోడలి దగ్గర నిలిచింది. నింద వెయ్యాలని కాదు, ఎక్కడో ఒకచోట ఆ బరువు దించుకోవాలి గదా.

"నువ్వన్నా ఒక మాట చెప్పుండొచ్చు గదమ్మా," అన్నాడు.

ఏంజెలిన్ లాప్‌టాప్ మూత మూసింది. చార్జరు తీగను వేళ్ళకు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"చెప్పినాను మామా. నీకది మాట మాదిరి ఇనపడలా."